నీడకు ‘షేడ్’ అనాలా, ‘షాడో’ అనాలా? ఇంగ్లీషు మాటలను తెలుగు అర్థాలతో నేర్చుకోవడం మేలా, తేలిక నిర్వచనాలతోనా?

కుట్టుమిషను, గాజువాక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలోని గాజువాకలో పదిహేనేళ్లుగా ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, పిల్లల గౌన్లు కుడుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదవగలను, కానీ నాలుగు వాక్యాలు ఒకేచోట కనిపిస్తే తల తిరుగుతుంది. మా చుట్టుపక్కల ఉక్కు కర్మాగారంలో, మందుల కంపెనీల్లో ఉద్యోగాలకు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ల ఆడవాళ్లకు తెలుగు రాదు, నాకు హిందీ అంతంతమాత్రం, అందువల్ల ఉభయులమూ నాలుగు ఇంగ్లీషు మాటల మీదే బండి నడిపిస్తున్నాము.

సంక్రాంతి రద్దీ తగ్గాక ఒక పుస్తకం కొన్నాను. ఎడమవైపు ఇంగ్లీషు మాట, నడుమ తెలుగు లిపిలో ఉచ్చారణ, కుడివైపు ఒక్క మాటలో తెలుగు అర్థం. రోజుకు పది మాటల చొప్పున, పని ఎక్కువగా ఉన్న రోజులు పోగా, ఇప్పటికి నాలుగు వందల మాటల వరకు బట్టీ పట్టాను. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి రాత్రి అన్నాలయ్యాక నా చేత అప్పజెప్పించుకుంటుంది. అప్పజెప్పడంలో తప్పులు రాలేదు. తప్పులన్నీ వాడకంలో వచ్చాయి.

ఒకావిడ పట్టు జాకెట్టు కుట్టించుకుని తీసుకువెళ్తుంటే, ఎండలో ఆరవేస్తే రంగు పోతుందని హెచ్చరించాలనుకుని, చీటీ మీద ‘డ్రై ఇన్ షాడో’ అని ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. ఆవిడ చదివి, నవ్వి, ‘హూజ్ షాడో?’ అని అడిగింది. ఎవరి నీడ అని అడుగుతున్నదని అర్థమైంది గానీ ఎందుకు అడుగుతున్నదో అర్థం కాలేదు. చివరకు ఆవిడే ‘షేడ్’ అని దిద్దింది. ఇంటికి వచ్చి పుస్తకం తిరగేస్తే రెండు మాటలకూ ‘నీడ’ అనే ఉంది. మరొకావిడ ఫోనులో జాకెట్లు కుడతారా అని అడిగితే రోజుకు రెండు కుడతానని గర్వంగా చెప్పాను. భర్తకు ఢిల్లీ బదిలీ అయిందట, చలికి వేసుకునే దూది కోటు కుట్టమని ఆవిడ గుడ్డతో సహా దిగింది.

నా అవస్థ చూసి మా మేనకోడలు తన ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు ఇచ్చి, తెలుగు అర్థాలు వదిలేసి ఇందులో చూసుకోమని చెప్పింది. మొన్న రాత్రి ఒక మాట కోసం దాన్ని తెరిచాను. అర్థంలో ఉన్న మాట తెలియక దాన్ని వెతికాను, అక్కడున్న మాట తెలియక ఇంకోదాన్ని వెతికాను. ఆరో మాట దగ్గర మొదటి మాటే అర్థంగా కనిపించేసరికి పుస్తకం మూసి పడుకున్నాను.

తెలుగు అర్థాలు నిజంగా వదిలేయాలా? ఇంగ్లీషులో ఇచ్చిన అర్థాలు చదివి తెలుసుకోవాలంటే ముందుగా ఎన్ని మాటలు వచ్చి ఉండాలి? ఈ వయసులో నాలాంటి వారు ఈ దారిలో వెళ్లవచ్చునా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


విశ్రాంత ఉపాధ్యాయుడు, మద్దిలపాలెం

అమ్మా, ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. మీ చీటీలో జరిగిన పొరపాటు వంటివి పిల్లల జవాబు పత్రాల్లో కొన్ని వేలు దిద్దాను గానీ, ఇంత చక్కగా తమ తప్పును తామే పట్టుకున్నవారిని అరుదుగా చూశాను.

ముందు మీ మేనకోడలు ఇచ్చిన పుస్తకం సంగతి. అది ఇంగ్లీషు ఇంట మాట్లాడేవారి కోసం రాసిన నిఘంటువు అయి ఉంటుంది. అలాంటి పుస్తకం తెలిసిన మాటకు తెలియని మాటలతో అర్థం చెప్పడానికి జంకదు, ఎందుకంటే దాన్ని తెరిచేవారికి ఆ మాటలన్నీ వచ్చుననే లెక్కతో రాస్తారు. మీకు కావలసినది నేర్చుకునేవారి కోసం రాసిన నిఘంటువు. వాటిలో అర్థాలు రాయడానికి వాడే మాటలకు ఒక హద్దు పెట్టుకుంటారు, ఆ హద్దు దాటరు.

ఈ పద్ధతికి మన పక్క బెంగాలుతో సంబంధం ఉంది. మైకేల్ వెస్ట్ అనే ఆంగ్లేయుడు ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేస్తూ, బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు చదవడం ఎందుకు కష్టమవుతున్నదో గమనించి, పాఠాలలో కొత్త మాటలు ఒక్కసారిగా కుమ్మరించడమే కారణమని తేల్చాడు. జేమ్స్ ఎండికాట్ అనే సహరచయితతో కలిసి 1935లో ఆయన ప్రకటించిన నిఘంటువులో దాదాపు 24,000 మాటలకూ నుడికారాలకూ కేవలం 1,490 మాటలతో అర్థాలు చెప్పారు. 1978లో వచ్చిన లాంగ్‌మన్ వారి నిఘంటువు సుమారు 2,000 మాటలతో అదే దారిన నడిచింది. కాబట్టి ఎన్ని మాటలు వచ్చి ఉండాలన్న మీ ప్రశ్నకు, పూర్తి సౌకర్యంగా చదవాలంటే రెండు వేల లోపు అని జవాబు చెప్పవచ్చు. మీకు నాలుగు వందలు వచ్చునంటున్నారు, రోజూ పలికే బస్సు, టిక్కెట్టు, సైజు, కాలర్ వంటి మాటలు ఆ లెక్కలో వేసుకుని ఉండరు. అవి కూడా కలిపితే మీరు అనుకున్నదానికన్నా చాలా ముందున్నారు.

అయితే రెండు వేలు వచ్చేదాకా ఆగనవసరం లేదు. నిర్వచనం అనేది రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్క ఆ వస్తువు ఏ జాతిదో చెబుతుంది, రెండో ముక్క ఆ జాతిలోని మిగతావాటి నుంచి దాన్ని వేరు చేస్తుంది. మీ నీడనే తీసుకుందాము. ‘షేడ్’ అంటే ‘ఎ ప్లేస్ వేర్ ది సన్ డజ్ నాట్ రీచ్’, ఎండ చేరని చోటు. ‘షాడో’ అంటే ‘ఎ డార్క్ షేప్ మేడ్ బై సమ్‌థింగ్ స్టాండింగ్ ఇన్ ది లైట్’, వెలుతురుకు అడ్డు నిలిచినది వేసే నల్లని ఆకారం. మొదటిది ‘ప్లేస్’, రెండోది ‘షేప్’. చోటులో బట్ట ఆరవేయవచ్చు, ఆకారంలో ఎలా ఆరవేస్తారు? ఆ ఆకారం ఎవరిదో ఒకరిదై ఉండాలి కనుకనే ఆవిడ ఎవరిదని అడిగింది. తెలుగులో ఈ రెంటికీ ఒకే మాట ఉండడం తప్పేమీ కాదు, చెట్టు నీడ, మనిషి నీడ అని పక్క మాటతో సరిపెట్టుకుంటాము. కానీ ‘నీడ’ అనే ఒక్క అర్థం బట్టీ పట్టినవారికి ఆ గీత ఎక్కడ ఉందో ఎన్నటికీ కనబడదు.

జాతిని చెప్పే మాటలు చాలా తక్కువ. టూల్, మెషీన్, ప్లేస్, పర్సన్, పార్ట్, పీస్, షేప్, గ్రూప్, మెటీరియల్, యానిమల్, ప్లాంట్, లిక్విడ్, ఫీలింగ్, వే, యాక్ట్ వంటివి ముప్పై నలభై ఉంటాయి. వీటితో పాటు ‘యూజ్డ్ ఫర్’, ‘మేడ్ ఆఫ్’, ‘పార్ట్ ఆఫ్’, ‘ఎ కైండ్ ఆఫ్’, ‘సమ్‌వన్ హూ’ అనే నాలుగైదు అతుకులు గట్టిగా పట్టుకోండి. వీటి అర్థాలు తెలుగులోనే నేర్చుకోండి, తప్పు లేదు. జాకెట్టుకు ముందుభాగం, వెనుకభాగం, చేతులు అని ముందే కత్తిరించి పెట్టుకుంటే కుట్టడం ఎంత తేలికో మీకు నేను చెప్పాలా. ఏ నిర్వచనం చూసినా సగం ఈ మాటలతోనే నిండి ఉంటుంది.

సి.కె. ఆగ్డెన్ అనే ఆయన 1930లో 850 మాటల ‘బేసిక్ ఇంగ్లీష్’ పట్టికను ప్రకటించాడు. అందులో వస్తువుల పేర్లు, విషయాల పేర్లు కలిపి ఆరు వందలు, గుణాలు చెప్పేవి నూట యాభై, మిగిలిన నూరు వాక్యాన్ని నడిపించేవి. ఆ నూరులో క్రియలు పద్దెనిమిదే. ‘ఎంటర్’ అనకుండా ‘గో ఇన్‌టు’ అనీ, ‘డిసెండ్’ అనకుండా ‘గో డౌన్’ అనీ సరిపెడతారు. ఎదుట పెట్టుకోవడానికి మంచి పట్టిక.

గ్రంథాలయానికి వెళ్లే వీలుంటే ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో రెండు మూడు రకాల నిఘంటువులు ఒక గంట పక్కపక్కన పెట్టుకుని, మీకు బాగా తెలిసిన ఐదు మాటలకు ఏది ఎలా అర్థం చెప్పిందో చూడండి. చదివిన వెంటనే అర్థమైన పుస్తకమే మీ పుస్తకం. పేరు చూసి కొనవద్దు.


రేవు గుమాస్తా

మాస్టారు చెప్పినదానిలో చాలా భాగం ఒప్పుకుంటూనే రెండు అభ్యంతరాలు చెబుతాను. రేవులో సరుకుల కాగితాలు రాసే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. నేను కూడా తెలుగు మాధ్యమమే.

మొదటిది, ఆ పద్దెనిమిది క్రియల సంగతి. లెక్కకు తక్కువగా కనిపిస్తాయి గానీ మోసం అక్కడే ఉంది. ‘పుట్’ తెలుసు, ‘అప్’ తెలుసు, ‘విత్’ తెలుసు, మరి ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం అని ఆ మూడింటిలో ఏది చెప్పింది? మా కార్యాలయంలో ఒడిశా నుంచి వచ్చిన సహోద్యోగి తెలుగు నేర్చుకుంటూ ‘పట్టు’ అనే మాట దగ్గర చతికిలబడ్డాడు. చేప పట్టడం అర్థమైంది. నిద్ర పట్టడం, చెమట పట్టడం, ముసురు పట్టడం, చీడ పట్టడం, బట్టకు రంగు పట్టడం, సంచిలో పది కిలోలు పట్టడం వింటూ వింటూ, మీ భాషలో ఈ ఒక్క మాటతోనే కాపురం చేయవచ్చునని విసుక్కున్నాడు. ఇంగ్లీషులో ‘గెట్’, ‘టేక్’ మనకు అలాంటివే. కాబట్టి 850 వస్తే చాలుననే మాట విని ఎవరూ మోసపోకూడదని నా మనవి. చిన్న మాటలే అన్నిటికన్నా పెద్ద మాటలు, వాటిని నిర్వచనంతో కాక వాక్యాలతోనే నేర్చుకోవాలి.

రెండోది, తెలుగు అర్థాన్ని చులకనగా చూడవద్దు. కొన్ని మాటలకు నిర్వచనం దండగ. ‘క్యుమిన్’ అంటే ‘స్మాల్ సీడ్స్ యూజ్డ్ టు గివ్ టేస్ట్ టు ఫుడ్’ అని ఉందనుకోండి. ఆవాలకూ అదే సరిపోతుంది, మెంతులకూ సరిపోతుంది, సోంపుకూ సరిపోతుంది. జీలకర్ర అని ఒక్క ముక్క చెబితే పని అయిపోతుంది, వాసన కూడా ముక్కుకు తగులుతుంది. ఫిషింగ్ హార్బరుకు వెళ్లి ‘ఎ లార్జ్ సీ ఫిష్ ఈటెన్ యాజ్ ఫుడ్’ అని అడిగితే ఏమిస్తారు? వంజరమా, ఇంకేదైనానా? ఆకులు, కాయలు, చేపలు, పప్పులు, పక్షులు, రోగాల పేర్లు వంటివాటికి తెలుగు మాట గానీ బొమ్మ గానీ ఉండాలి. నిర్వచనం రాణించేది మరోచోట.

ఆ మరోచోటు ఏదో మా పని నుంచే చెబుతాను. ‘హార్బర్’, ‘పోర్ట్’ రెంటినీ మనం రేవు అంటాము. హార్బర్ అంటే ‘ఎ పార్ట్ ఆఫ్ ది సీ వేర్ షిప్స్ ఆర్ సేఫ్ ఫ్రమ్ విండ్ అండ్ వేవ్స్’. పోర్ట్ అంటే ‘ఎ ప్లేస్ వేర్ షిప్స్ టేక్ ఆన్ ఆర్ పుట్ ఆఫ్ గూడ్స్’. మొదటిది ఓడకు రక్షణనిచ్చే నీరు, రెండోది సరుకు ఎక్కించి దించే స్థలం. డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రపు గాలికి అడ్డుగా నిలబడడం హార్బర్ కథ, 1933లో ఇక్కడ ఓడల రాకపోకలు మొదలై ముడిఖనిజం తూకాలు, రసీదులు, నా గుమాస్తా ఉద్యోగం వంటివన్నీ పుట్టుకురావడం పోర్ట్ కథ. నిర్వచనం చదివాకనే నాకు ఈ తేడా తెలిసింది, అప్పటికి ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. అలాగే ‘ఒడ్డు’ అనే మన ఒక్క మాటకు నది దగ్గర ‘బ్యాంక్’, సముద్రం దగ్గర ‘షోర్’, ఇసుక ఉన్నచోట ‘బీచ్’, పటంలో చూసే పొడవాటి తీరానికి ‘కోస్ట్’.

ఇంకొక రకం ఉంది, వచ్చుననుకున్న మాటలు. మీ జాకెట్టు ఆ జాతిదే. తెలుగులోకి వచ్చి స్థిరపడిన ఇంగ్లీషు మాట తన పాత అర్థాన్ని ఓడలోనే వదిలి వస్తుంది. మన ఊళ్లో కాంప్లెక్స్ అంటే ఆర్టీసీ బస్టాండు. మా అబ్బాయి తన లెక్కల పుస్తకంలో ‘కాంప్లెక్స్’ అనే మాట చూసి, లెక్కలకు బస్సులతో పనేమిటని అడిగాడు. అనేక భాగాలు కలిసి ఉన్నది అని నిర్వచనం చూపించాక వాడికి లెక్కా అర్థమైంది, అన్ని ప్లాట్‌ఫారాలు ఉన్న బస్టాండుకు ఆ పేరు ఎందుకు వచ్చిందో కూడా అర్థమైంది. ‘కరెంట్’ అంటే మనకు విద్యుత్తు ఒక్కటే, కానీ ఆర్.కె. బీచ్‌లో మనుషులను లోపలికి లాగే ‘రిప్ కరెంట్’లో ఉన్నది నీటి ప్రవాహం. హోటల్ అంటే మనకు భోజనం దొరికే చోటు, వాళ్లకు పడక దొరికే చోటు. ముందు ఇలాంటి మాటలు యాభై ఏరి నిర్వచనాలు చూడమని నా సలహా. కొత్త మాట ఒక్కటి కూడా నేర్చుకోకుండానే సగం తప్పులు పోతాయి.


నర్సింగ్ విద్యార్థిని, పెందుర్తి

అక్కా, నేను ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, నర్సింగులో చేరగానే అన్నీ ఇంగ్లీషు పుస్తకాలు కావడంతో మీలాగే ఇబ్బంది పడ్డాను. మాస్టారు, గుమాస్తా గారు చెప్పని ఒక విషయం చెబుతాను.

మీ పుస్తకంలో నడుమ ఉన్న తెలుగు లిపి ఉచ్చారణను నమ్మవద్దు. మీ పనిలో మాటలే చూడండి. చొక్కా ‘కాలర్’, ఫోను చేసే ‘కాలర్’ తెలుగులో ఒకేలా రాస్తాము, ఇంగ్లీషులో అక్షరాలూ వేరు, నోటికి పలుకూ వేరు. పడమర దిక్కు ‘వెస్ట్’, లోపల తొడుక్కునే ‘వెస్ట్’ మనకు ఒకటే, అక్కడ ఒకదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, రెండోదానికి కింది పెదవిని పళ్లకు ఆనించాలి. ఇక కుట్టు అనే అర్థం ఉన్న మాట ఎస్, ఈ, డబ్ల్యూ అని రాస్తారు గనుక ‘స్యూ’ అని చదవాలనిపిస్తుంది, కానీ దాని పలుకు ‘సో’. విత్తనాలు చల్లడమనే ‘సో’, అందువల్ల అనే ‘సో’ కూడా చెవికి అంతే. ఫోనులో నేర్చుకునేవారి నిఘంటువులు ఉచితంగా దొరుకుతాయి, మాట పక్కన చిన్న స్పీకరు బొమ్మ నొక్కితే పలికి వినిపిస్తాయి. మిషను తొక్కుతూ కూడా వినవచ్చు.

నిర్వచనాల్లో నాకు బాగా పనికివచ్చినవి పూర్తి వాక్యంగా రాసినవి. 1987లో వచ్చిన కోబిల్డ్ నిఘంటువు ఈ పద్ధతి పెట్టింది. ఒక మాటకు అర్థం ఇచ్చి వదిలేయకుండా, ఆ మాటను మనిషి నోట పెట్టి చూపిస్తుంది. అదే పద్ధతిలో నేను రాసుకున్నది ఒకటి చెబుతాను: ‘ఇఫ్ యూ బారో ఎ బుక్, యూ టేక్ ఇట్ నౌ అండ్ గివ్ ఇట్ బ్యాక్ లేటర్.’ ‘ఇఫ్ యూ లెండ్ ఎ బుక్, యూ గివ్ ఇట్ నౌ అండ్ గెట్ ఇట్ బ్యాక్ లేటర్.’ మన ‘అప్పు’ ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఉమ్మడి మాట గనుక నేను ఈ రెంటినీ రెండేళ్లు తారుమారు చేశాను. వాక్యం చదివిన రోజున కుదిరింది.

గుమాస్తా గారు చెప్పినదానికి తిరగేసిన ఉదాహరణ ఒకటి. అన్నిసార్లూ మన మాటే వెడల్పు, వాళ్ల మాటే ఇరుకు అనుకోకండి. వార్డులో రోగులు పోటు అంటారు, సలుపు అంటారు, తీపు అంటారు, మంట అంటారు, గుంజుతోంది అంటారు. నేను రికార్డులో అన్నిటికీ ‘పెయిన్’ అని రాసేదాన్ని. మా మేడమ్ చూసి, ఏ రకం పెయిన్ అని అడిగితే గుడ్లప్పగించాను. ఇక్కడ నాకు తెలుగులో ఉన్నంత స్పష్టత ఇంగ్లీషులో తెచ్చుకోవడానికి ‘బర్నింగ్ పెయిన్’, ‘త్రాబింగ్ పెయిన్’ అని ముందు ఒక మాట చేర్చడం నేర్చుకోవలసి వచ్చింది. తెలుగు గట్టిగా వచ్చినవారికి ఇలాంటి చోట్ల మేలు జరుగుతుంది.

నోటుపుస్తకంలో మీరు చూసిన నిర్వచనాన్ని ఎక్కించడం కాదు, పుస్తకం మూసి మీ సొంతంగా రాయండి, ఆ తరువాత తెరిచి పోల్చి చూడండి. తప్పు రాస్తేనే గుర్తుంటుంది. నా నోటుపుస్తకం నిండా ఎర్ర గీతలే.


కుట్టుమిషను, గాజువాక

ముగ్గురికీ కృతజ్ఞతలు. పది రోజులు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే చేసి చూడకుండా బాగుందని చెప్పడం ఇష్టం లేకపోయింది.

జాతి మాటలు ముప్పై రెండు ఒక అట్టముక్క మీద రాసి మిషను ఎదుట గోడకు అంటించాను. గుమాస్తా గారు చెప్పినట్లు నాకు వచ్చుననుకున్న మాటలు ఏరడం మొదలుపెడితే నా గదిలోనే చాలా దొరికాయి. జాకెట్టు సరేసరి. ‘మిషను’ అంటే నేను కుట్టేదే అనుకున్నాను, ఇంగ్లీషులో అది పని చేసే యంత్రం ఏదైనా కావచ్చునట, ముందు ‘సూయింగ్’ కాదు ‘సోయింగ్’ చేర్చాలట. ‘కటింగ్’ అంటే మా ఆయనకు క్షవరం, నాకు గుడ్డ కత్తిరించడం. ‘జరీ’, ‘లంగా’ వంటివి మన మాటలే కనుక వాటిని ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చినప్పుడు నేనే నిర్వచనం తయారు చేయాలని కూడా తెలిసింది.

పుస్తకం చూడకుండా మా అమ్మాయీ నేనూ కూర్చుని రాసిన వాటిలో మూడు ఇక్కడ పెడుతున్నాను. మొహమాటపడకుండా దిద్దండి.

సిజర్స్: ఎ టూల్ విత్ టూ బ్లేడ్స్, యూజ్డ్ ఫర్ కటింగ్ క్లాత్.

బటన్: ఎ స్మాల్ రౌండ్ థింగ్ ఆన్ ఎ షర్ట్.

టేప్: ఎ లాంగ్ థిన్ పీస్ ఆఫ్ క్లాత్ విత్ నంబర్స్, యూజ్డ్ ఫర్ మెజరింగ్.


రేవు గుమాస్తా

కత్తెర బాగుంది, కాగితం కూడా కోస్తుంది గనుక ‘క్లాత్ ఆర్ పేపర్’ అంటే సరి. బొత్తాం దగ్గర మాత్రం చిక్కు ఉంది. నా చొక్కా మీద మధ్యాహ్నం పడిన సాంబారు చుక్క కూడా చిన్నదే, గుండ్రనిదే, చొక్కా మీదే ఉంది. దేనికి వాడతారో చెప్పకపోతే చుక్కకూ బొత్తానికీ తేడా తెలియదు. ‘యూజ్డ్ ఫర్ క్లోజింగ్’ అనే ముక్క చేర్చండి.


విశ్రాంత ఉపాధ్యాయుడు, మద్దిలపాలెం

సాంబారు సాక్ష్యం బలంగా ఉంది, ఒప్పుకుంటున్నాను.

టేపు గురించి ఒక్క మాట, అమ్మా. వాక్యం నిర్మాణం చాలా బాగా కుదిరింది. జాతి చెప్పారు, తేడా చెప్పారు, ప్రయోజనం చెప్పారు. కానీ ‘థిన్’ దగ్గర మళ్లీ ఆ పాత నీడ పడింది. మీరు మనసులో ‘సన్నటి’ అనుకుని రాశారు. మీ టేపు పలుచగా ఉండడం నిజమే, దానికి ‘థిన్’ సరిపోతుంది. కానీ మీరు చెప్పదలచినది దాని వెడల్పు తక్కువని, దానికి ‘నారో’ అనాలి. మందం తక్కువైతే ‘థిన్’, వెడల్పు తక్కువైతే ‘నారో’. రోడ్డు, సందు, మెట్లదారి, నది, నాడా ‘నారో’ అవుతాయి. కాగితం, గుడ్డ, అట్టు ‘థిన్’ అవుతాయి. సూది, దారం, వెంట్రుక వంటి గుండ్రని పోగులకు మాత్రం మళ్లీ ‘థిన్’ అంటారు.


కుట్టుమిషను, గాజువాక

బొత్తాం దిద్దుకున్నాను, టేపు దిద్దుకున్నాను. మా సందు ‘నారో’, మా దోశలు ‘థిన్’ అని అమ్మాయి ఇప్పటికే గోడ మీది అట్టకు ఎక్కించింది. అయితే మాస్టారూ, సన్నంగా ఉన్న మనిషిని కూడా ‘థిన్’ అంటే కొందరు చిన్నబుచ్చుకుంటారని, ‘స్లిమ్’ అంటే సంతోషిస్తారని కొలతలు ఇచ్చిన ఒకావిడ చెప్పింది. మరి సన్నబియ్యానికి ఏ మాట వాడాలి?


విశ్రాంత ఉపాధ్యాయుడు, మద్దిలపాలెం

‘ఫైన్’ అంటారు. నిఘంటువులో ఆ మాట దగ్గర జరిమానా కనిపిస్తుంది, కులాసాగా ఉన్నామనే అర్థం కనిపిస్తుంది, బియ్యం కోసం ఇంకా కిందికి దిగవలసి ఉంటుంది. రేపు మిషను ఆపాక ఆ పుట తెరిచి, ఎన్నో అర్థం దగ్గర మీ బియ్యం దొరికిందో ఇక్కడ రాయండి.